వైపర్ ఆగితే మోటారును చివరగా అనుమానించండి

వైపర్ కదలకపోతే అందరి నోటా వచ్చే తీర్పు ఒకటే: మోటారు కాలిపోయింది. కార్ల వైరింగు పని చేసే నాకు ఈ తీర్పు మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. మోటారు పాడవదని అనను, పాడవుతుంది. అయితే స్విచ్ నుంచి అద్దం మీది రబ్బరు దాకా ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), తీగలు, కనెక్టరు, ఎర్తు (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే దారి), మోటారు, క్రాంకు, రాడ్లు, ఇరుసులు అంటూ పెద్ద వరుసే ఉంది. ఇందులో ఏది మొరాయించినా బయటికి కనిపించేది కదలని వైపరే. కొత్త మోటారు కొని బిగించాక కూడా కదలడం లేదంటూ నా దగ్గరికి కార్లు వస్తుంటాయి. వాళ్లు తీసి పక్కన పడేసిన పాత మోటారుకు బ్యాటరీ తగిలిస్తే గిర్రున తిరుగుతుంది.

అందుకే విప్పడం ఎలాగో తర్వాత చెబుతాను. విప్పకుండా ఎంత తెలుసుకోవచ్చో ముందు చూద్దాం.

లోపల ఏముంది

మోటారు అద్దం అడుగున, బానెట్ వెనక అంచు దగ్గర ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. అది 12 వోల్టుల డీసీ మోటారు. దాని ఇరుసు చివర మర చుట్టలున్న వర్మ్ గేరు ఒక పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. చాలా మోటార్లలో ఆ చక్రం నైలాన్‌ది. దీనివల్ల వేగం తగ్గి బలం పెరుగుతుంది. చక్రం ఇరుసుకు బయట బిగించిన క్రాంకు గుండ్రంగా తిరుగుతుంటే, దానికి తగిలించిన రాడ్లు వైపర్ ఇరుసులను అటూ ఇటూ ఊపుతాయి.

రెండు వేగాల మోటారులో తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు సాధారణంగా మూడుంటాయి. ఒకటి ఎర్తు. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది తక్కువ వేగానిది. కాస్త పక్కకు జరిపి అమర్చినది ఎక్కువ వేగానిది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఒక వేగం పనిచేసి రెండోది పనిచేయకపోతే దీనితోనే పని పడుతుంది.

ఇక పార్కింగ్ కాంటాక్టు. స్విచ్ ఆపగానే వైపర్లు అద్దం మధ్యలో నిలిచిపోకుండా కిందికి వచ్చి పడుకోవడం దీని చలవే. గేరు మూత లోపల ఉండే ఈ కాంటాక్టు, మీరు స్విచ్ ఆపిన తర్వాత కూడా వేరే తీగలోని కరెంటును మోటారుకు అందిస్తుంది. వైపర్లు కింది స్థానానికి చేరిన క్షణాన ఆ కరెంటును తెంచి, మోటారు తీగను ఎర్తుకు కలుపుతుంది. అప్పటికి ఇంకా తిరుగుతున్న మోటారు జనరేటరులా మారి తన మీద తానే బ్రేకు వేసుకుంటుంది. ఎవరి ఆలోచనో కానీ, రాగి రేకు ముక్కతో ఇంత పని చేయించడం నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

ముందు చెవితో

అద్దం మీద నీళ్లు చల్లండి. పొడి అద్దం మీద వైపర్ నడిపితే రబ్బరు పట్టేసి మోటారు మీద భారం పెరుగుతుంది, పరీక్ష తప్పుదారి పడుతుంది. ఇంజను ఆపి ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టీరింగు పక్క స్విచ్‌ను ఒకరిని తిప్పమనండి. మీరు బానెట్ తెరిచి అద్దం అడుగున చెవి పెట్టండి. చెవి మాత్రమే, చేతులు కాదు. ఆ రాడ్ల మధ్య వేలు పడితే మోటారు ఆగదు, వేలు నలుగుతుంది. చేయి పెట్టాల్సి వచ్చినప్పుడల్లా నేను తాళం తీసి నా జేబులో వేసుకుంటాను. వాన సెన్సరు ఉన్న కార్లలో అద్దం మీద నీటి చుక్క పడితే చాలు, వైపర్ తనంతట తానే లేస్తుంది. వాటి విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఏ శబ్దమూ రాలేదంటే కరెంటు దారిలో ఎక్కడో తెగింది. ఫ్యూజు, రిలే, స్విచ్, ఎర్తు, బ్రష్‌లు, ఈ వరుసలో వెళ్లాలి.

మోటారు గుయ్యిమని తిరుగుతోంది కానీ వైపర్లు కదలడం లేదంటే వైరింగు జోలికే పోవద్దు. మోటారుకు కరెంటు అందుతోంది, తిరుగుతోంది కూడా. రాడ్డు ఊడి ఉంటుంది, క్రాంకు నట్టు వదులై ఉంటుంది, లేదా నైలాన్ చక్రం పళ్లు అరిగిపోయి ఉంటాయి. పళ్లు పోతే కరకరమనే చప్పుడు తోడవుతుంది. ఒక వైపర్ కదిలి రెండోది కదలకపోతే మోటారు మీద అనుమానమే అనవసరం. కదలని దాని మొదట్లో మూత ఎత్తి నట్టు చూడండి. చాలాసార్లు అది వదులై, వైపర్ చేతి (రబ్బరును పట్టి ఉంచే కడ్డీ) లోపలి గాడులు ఇరుసు మీద జారిపోతుంటాయి.

స్విచ్ వేయగానే చిన్న మూలుగు వినిపించి, డ్యాష్‌బోర్డు దీపాలు కాస్త మసకబారితే మోటారు తిరగాలని చూస్తోంది, ఏదో పట్టి ఉంచింది. వెంటనే ఆపేయండి. అలా పట్టి ఉంచిన మోటారు మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. నిజంగా మోటార్లు కాలేది ఇక్కడే.

కాసేపు బాగా నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్లీ నడిచే వైపర్ గురించి కూడా అడుగుతుంటారు. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటు తెంచి, చల్లారాక కలిపే రక్షణ ఉంటుంది. అది తన పని తాను చేస్తోంది. మోటారు ఎందుకు వేడెక్కుతోందన్నదే అసలు ప్రశ్న. జవాబు ఎక్కువసార్లు బిగుసుకున్న ఇరుసుల్లో దొరుకుతుంది.

శబ్దం లేనప్పుడు చేయదగ్గ చిన్న పరీక్ష ఇంకోటి ఉంది. స్విచ్ వేసి ఉంచి, చేయి రాడ్లకు దూరంగా ఉండేలా, మోటారు గుండ్రటి భాగం మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. తట్టగానే తిరిగితే బ్రష్‌లు అరిగాయి, లేదా వాటి అరల్లో ఇరుక్కున్నాయి. బాగుపడిందని సంబరపడి వదిలేయకండి. మళ్లీ ఆగేది మంచి వానలోనే.

ఫ్యూజు, రిలే

ఫ్యూజు పెట్టె మూత మీదో, కారు పుస్తకంలోనో వైపర్ ఫ్యూజు ఎక్కడుందో రాసి ఉంటుంది. సాధారణంగా 15 నుంచి 30 ఆంపియర్ల మధ్య ఉంటుంది. కంటితో చూసి బాగుందని తేల్చవద్దు. సన్నని పగులు కంటికి ఆనదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఫ్యూజు వీపు మీది రెండు లోహపు చుక్కలకూ, ఒక తీగ ఎర్తుకు కలిపిన టెస్ట్ ల్యాంపు (పరీక్ష బల్బు) మొన తగిలించండి. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు మంచిదే. ఒకవైపే వెలిగితే పోయింది.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది పెట్టాలి. పెద్దది పెడితే ఈసారి కాలేది తీగ. కొత్తది కూడా ఎగిరిపోతే మోటారు కనెక్టరు ఊడదీసి, మరో ఫ్యూజు పెట్టి స్విచ్ వేయండి. అప్పుడూ ఎగిరితే తీగల్లో ఎక్కడో షార్టు ఉంది. ఎగరకపోతే మోటారు లోపలో, దాని మీది భారంలోనో దోషం ఉంది.

రిలే సంగతి తేలిక. అదే నంబరున్న మరో రిలే పెట్టెలో ఉంటే, మార్చి చూడండి. ఆగి ఆగి తుడిచే వేగం ఒక్కటే పోయి మిగతావన్నీ పనిచేస్తుంటే మోటారును ముట్టుకోనక్కరలేదు. ఆ విరామాన్ని లెక్కపెట్టేది వేరే సర్క్యూటు. అమెరికా ఇంజనీరు రాబర్ట్ కియర్న్స్ 1967లో పేటెంటు పొందిన పద్ధతిలో కెపాసిటరు (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే భాగం) నిండేందుకు పట్టే సమయమే వైపర్ విరామం. ఇప్పటి కార్లలో ఆ లెక్కను కంప్యూటర్ యూనిట్ చూసుకుంటోంది. పాత కార్లలో రిలేలోనే ఉండేది, రిలే మారిస్తే సరిపోతుంది.

కనెక్టరు దగ్గర అసలు విచారణ

నా సంచిలో వోల్టులు కొలిచే ఖరీదైన మీటరు ఉంది. అయినా ఎక్కువగా వాడేది 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు టంకం వేసి నేనే చేసుకున్న ల్యాంపు. తీగలో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు నిండు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. ఈ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. దారి బలహీనంగా ఉంటే మసకగా వెలిగి నిజం చెప్పేస్తుంది. ఒక్క హెచ్చరిక: దీన్ని వైపర్ మోటారు తీగల వంటి బరువు తీగల మీదే వాడాలి. కంప్యూటర్ యూనిట్‌కు పోయే సన్నని సిగ్నల్ తీగల మీద, ఎయిర్‌బ్యాగ్ తీగల మీద ఎప్పుడూ వద్దు.

ఒక్క చుక్క శబ్దం కూడా చేయని మోటారు దగ్గర మాత్రం మీటరే మేలు. కనెక్టరు ఊడదీయకుండా, వెనక నుంచి తీగ పక్కగా సన్నని మొన దూర్చి చూడాలి. మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్‌కు నేరుగా తగిలించండి. స్విచ్‌ను తక్కువ వేగం మీద ఉంచి, కారు వైరింగు పటం చూసి తక్కువ వేగం తీగను ఎర్ర మొనతో తాకండి. తీగల రంగులు కారు కారుకూ మారతాయి, ఊహించవద్దు. అక్కడ వోల్టులు లేకపోతే తప్పు మోటారుకు ముందు ఉంది. స్విచ్, రిలే, తీగలు వెతకండి. వోల్టులు ఉంటే ఎర్ర మొనను ఎర్తు తీగ మీదికి మార్చండి. మోటారు ఒంటి ద్వారానే ఎర్తు అయ్యే రకమైతే ఆ లోహాన్ని తాకండి.

ఇక్కడే అంతా తేలిపోతుంది. ఎర్తు తీగ మీద కూడా దాదాపు 12 వోల్టులు కనిపిస్తే కరెంటు మోటారు చుట్లన్నీ దాటి వచ్చి, బయటికి పోయే దారి లేక నిలబడింది. మోటారు మంచిది, ఎర్తు తెగింది. ఎర్తు మీద సున్నా ఉండి, వచ్చే తీగ మీద 12 ఉండి, మోటారు కదలక మెదలక ఉంటే అప్పుడు నేను కూడా మోటారునే తప్పుపడతాను.

నిదానంగా కదిలే వైపర్‌కు కూడా ఇదే పరీక్ష, అంకెలు వేరు. మోటారు తిరుగుతుండగా ఎర్తు మీద 0.2 వోల్టుల ప్రాంతంలో ఉంటే సరే. ఒక వోల్టు దాటితే ఎర్తు బోల్టు విప్పి, రంగూ తుప్పూ పోయేలా ఉప్పు కాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించండి. వచ్చే వైపు బ్యాటరీ వోల్టేజీకీ కనెక్టరు దగ్గరి వోల్టేజీకీ తేడా అర వోల్టు లోపు ఉండాలి. ఎక్కువుంటే కనెక్టరు తెరవండి. లోపల పచ్చటి చిలుము కనిపించే అవకాశం బాగా ఉంది. మోటారు కరెంటు తీసుకుంటున్నప్పుడే ఈ తేడాలకు అర్థం ఉంటుందని మరవకండి. ఆగి ఉన్న తీగలో వోల్టేజీ తగ్గదు, కుళ్లిన ఎర్తు కూడా ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

తక్కువ వేగం పోయి ఎక్కువ వేగం పనిచేస్తుంటే, తక్కువ వేగం తీగలో వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఆ బ్రష్ పోయింది. లేకపోతే స్విచ్‌దో, రిలేదో, తీగదో తప్పు. వైపర్లు స్విచ్ ఆపిన చోటే నిలిచిపోతుంటే, స్విచ్ ఆపి ఉన్నా ఇగ్నిషన్‌తో నిత్యం 12 వోల్టులు ఉండాల్సిన పార్కింగ్ తీగను వెతికి పట్టండి. అందులో కరెంటు ఉంటే కాంటాక్టు దగ్గర చూడాలి. కింది దాకా వచ్చి, ఆగకుండా కాస్త దాటి మళ్లీ ఇంకో చుట్టు తిరిగే వైపర్‌కు బ్రేకు దారి తెగింది, ఎర్తుకు కలవాల్సిన కాంటాక్టు కలవడం లేదు. అసలు ఆగనే ఆగకపోతే రిలే పీకి చూడండి. ఆగితే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి.

కొత్త తరం కార్లలో కొన్నింటికి మోటారు లోపలే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. వాటికి బ్యాటరీ నుంచి నేరుగా తీగ కలిపితే బోర్డు మాడుతుంది. వాటిని కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో చూడాలి. కింద చెప్పే నేరు పరీక్ష పాత పద్ధతి మోటార్లకే.

రాడ్లు విప్పే పని

వైపర్ రబ్బరు ఆగిన చోట అద్దం మీద అంటుకునే టేపు ముక్క అతికించండి. ఈ పని ఎగ్గొట్టినవారు తర్వాత పడే అవస్థ చూశాను. బానెట్ కింద వైపర్లు దాక్కునే కార్లలో వాటిని పైకి తెచ్చే సర్వీసు స్థానం గురించి కారు పుస్తకంలో ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైపర్ చేతి మొదట్లో ప్లాస్టిక్ మూత ఎత్తి నట్టు విప్పండి, వైపర్ చేయి మాత్రం వెంటనే రాదు. ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఇరుసును కరిచిపట్టి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి, కాసేపు ఆగి, అటూ ఇటూ ఆడిస్తూ లాగండి. రాకపోతే చిన్న పుల్లర్ (పట్టి లాగే పనిముట్టు) వాడండి. సుత్తి వద్దు. ఆ దెబ్బ చేరేది అద్దానికి. వైపర్ చేయి జారి పడినా అద్దం పగలకుండా మందపాటి గుడ్డ పరిచి ఉంచండి.

క్లిప్పులు తీసి ప్లాస్టిక్ మూత ఎత్తాక, ముందుగా అక్కడ చేరిన ఆకులు, మట్టి చూడండి. నీళ్లు పోయే రంధ్రం పూడుకుపోతే మోటారు వాన వచ్చినప్పుడల్లా స్నానం చేస్తుంది. రంధ్రం శుభ్రం చేయకుండా కొత్త మోటారు బిగిస్తే దాని గతీ అంతే.

ఇప్పుడు క్రాంకు, దాని ఇరుసు ఒకదానికొకటి ఎలా ఉన్నాయో గుర్తు గీసి, రాడ్డును క్రాంకు నుంచి విడదీయండి. వైపర్ ఇరుసులను చేత్తో తిప్పి చూడండి. రెండు వేళ్లతో పట్టుకుంటే తిరగాలి. తుప్పు పట్టిన తలుపు బందులా కిర్రుమంటూ మొరాయిస్తే దొంగ దొరికినట్టే. అల్యూమినియం గూటిలో ఉక్కు ఇరుసు ఉంటుంది. పైనున్న రబ్బరు వలయం ఎండిపోయి నీళ్లు దిగితే, తుప్పూ తెల్లటి పొడీ కలిసి ఇరుసును బిగించేస్తాయి. లాక్ రింగు తీసి, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోనుతో ఫొటో తీసుకుని, ఇరుసును కింది వైపుకు లాగేయండి. సన్న ఉప్పు కాగితంతో నిగనిగలాడేలా రుద్ది, గూడు తుడిచి, గ్రీజు పట్టించి బిగించండి. పై నుంచి నూనె స్ప్రే కొట్టి సరిపెట్టడం చాలామంది చేస్తారు. అది కొన్ని రోజుల ముచ్చట. విప్పే వీలున్నప్పుడు విప్పడమే నా పద్ధతి.

రాడ్ల చివర గోళీ కీళ్లు, వాటి నైలాన్ గిన్నెలు కూడా చూడండి. ఊడిన గిన్నెను నొక్కితే టక్కున కూర్చుంటుంది, అరిగిన గిన్నె మళ్లీ ఊడుతుంది. ప్లాస్టిక్ టైలు (కట్టే పట్టీలు) చుట్టి పంపేవారున్నారు. వేగంగా పోతున్న కారులో, జోరు వానలో అది తెగితే డ్రైవరుకు దారి కనిపించదు. గిన్నె దొరికితే గిన్నె, లేకపోతే రాడ్ల సెట్టు మార్చండి.

మోటారు మీదికి

రాడ్డు విడదీసి ఉండగానే పాత రకం మోటారుకు నేరు పరీక్ష చేయండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన తీగను తక్కువ వేగం పిన్నుకు, నెగటివ్‌ను ఎర్తుకు కలపండి. కలపడానికి ముందు మోటారు గట్టిగా బిగించి ఉండాలి, క్రాంకుకు ఏదీ అడ్డు ఉండకూడదు. సాఫీగా తిరిగితే మోటారు నిర్దోషి. ఆగుతూ, వేడెక్కుతూ, నిప్పురవ్వలు రాలుస్తూ తిరిగితే విప్పండి.

మోటారు గొట్టానికీ గేరు పెట్టెకూ మధ్య ఒక గీత గీసి విప్పితే తిరిగి కలపడం సులువు. గొట్టం లోపలి అయస్కాంతాలు ఆర్మేచర్‌ను (తీగ చుట్లున్న తిరిగే భాగాన్ని) గట్టిగా లాగుతాయి, వేళ్లు జాగ్రత్త. గొట్టాన్ని కింద పడేయవద్దు, ఫెర్రైట్ అయస్కాంతం పింగాణీలా పగులుతుంది. బ్రష్‌లు కురచబడి, స్ప్రింగు వాటిని కమ్యుటేటర్‌కు (బ్రష్‌లు ఆనే రాగి పలకల వలయానికి) నొక్కలేకపోతుంటే అదే కొలత బ్రష్‌లు టంకం వేసి మార్చండి. కమ్యుటేటర్ నల్లబడి ఉంటే 600 నంబరు ఉప్పు కాగితంతో మెల్లగా తిప్పుతూ తుడవండి. ఎమరీ గుడ్డ వాడవద్దు, దాని రేణువులు రాగి పలకల మధ్య చేరితే షార్టు. పలకల మధ్య సందుల్లోని కార్బన్ పొడిని సన్నని చెక్క పుల్లతో తీసేయండి.

గేరు మూత కింద పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. తుడిచేసి లిథియం గ్రీజు పళ్లకు మాత్రమే పట్టించండి. పార్కింగ్ కాంటాక్టు రేకుల మీద చేరితే అదే కొత్త జబ్బు. రేకులు చదునైపోతే కాస్త పైకి వంచితే చాలు. చుట్లు నల్లగా మాడి వాసన వేస్తున్నా, అయస్కాంతం పగిలినా, నైలాన్ పళ్లు రాలినా ఇక బాగుచేసే ఆశ వదిలి మోటారు మార్చండి. చుట్లు మళ్లీ చుట్టించే శ్రమ ఈ మోటారుకు తగదు.

బిగించేటప్పుడు చాలామంది దాటేసే మెట్టు ఇది. క్రాంకు పెట్టకముందే మోటారు కనెక్టరు కలిపి, బ్యాటరీ తగిలించి, స్విచ్ వేసి ఆపండి. మోటారు తన పార్కింగ్ స్థానానికి వచ్చి నిలబడుతుంది. బ్యాటరీ తీసి, అప్పుడు క్రాంకును గీసిన గుర్తు ప్రకారం బిగించండి. తర్వాత రాడ్లు, మూత, వైపర్ చేతులు. రబ్బరును టేపు గుర్తు మీద ఉంచి నట్టు బిగించి, బ్యాటరీ కలిపి, అద్దం తడిపి రెండు వేగాల్లోనూ నడపండి. రబ్బరు అద్దం అంచు దాటి కొడుతుంటే వైపర్ చేతిని ఇరుసు మీద ఒక గాడి వెనక్కి జరిపితే సర్దుకుంటుంది.

వెనక అద్దం వైపర్ కదలకపోతే ఇంత దూరం రావాల్సిన పనే ఉండకపోవచ్చు. డిక్కీ తలుపుకూ కారు ఒంటికీ మధ్య రబ్బరు గొట్టంలోంచి తీగలు పోతాయి. తలుపు తెరిచి మూసినప్పుడల్లా అవి వంగి, లోపలే తెగిపోతాయి. గొట్టాన్ని ఒక వైపు ఊడదీసి తీగలను ఒక్కొక్కటిగా మెల్లగా లాగండి. తెగినది తొడుగుతో సహా సాగుతుంది, లేదా చేతికే వచ్చేస్తుంది.